పరమాణువు: దర్శనాల్లో ఒకటి, భౌతికశాస్త్రంలో ఇంకొకటి – తరచుగా అడిగే ప్రశ్నలు

కణాదుడు, డెమోక్రిటస్, డాల్టన్, రూథర్‌ఫర్డ్. ఈ నలుగురూ ఒకే పనిని ఒకరి తర్వాత ఒకరు ముందుకు తీసుకెళ్లారన్నట్టు చెప్పడం మనకు బాగా అలవాటైపోయింది. వాట్సాప్‌లో తిరిగే పోస్టులూ అలాగే చెబుతాయి, పోటీ పరీక్షల గైడ్లూ అలాగే చెబుతాయి. ఆ వరుస నలుగురికీ అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం. మొదటి ఇద్దరూ అడిగిన ప్రశ్న వేరు, తర్వాతి ఇద్దరూ అడిగిన ప్రశ్న వేరు. ఈ తేడా గురించి విద్యార్థులూ, తర్కశాస్త్రం మీద ఇష్టం ఉన్నవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. బడి పుస్తకాల వాడుక ప్రకారమే ఇక్కడ పరమాణువు అంటే ఆటమ్, అణువు అంటే మాలిక్యూల్. దర్శనాల సంగతి వచ్చినచోట ఎవరి పరమాణువో చెబుతూ వెళ్తాను.

కణాదుడు వేల ఏళ్ల కిందటే పరమాణువును కనిపెట్టాడంటారు. నిజమేనా?

భౌతికశాస్త్రం ఈరోజు పరమాణువు అంటున్న దాన్ని ఆయన కనిపెట్టలేదు. ఆయన చేసిన పని వేరు, అదేమీ చిన్న పని కాదు. వస్తువును ముక్కలు చేసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు, ఆగిన చోట ఉన్నదానికి భాగాలుండవు, భాగాలు లేవు కాబట్టి దానికి పుట్టుకా లేదు నాశనమూ లేదు. ఇది ఆయన మొదలుపెట్టిన వైశేషిక దర్శనం నిలబెట్టిన వాదం.

రెండింటికీ తేడా ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. వైశేషికుల ప్రకారం కంటికి కనిపించే వాటిలో అతి చిన్నది త్రసరేణువు. కిటికీలోంచి ఎండ పడ్డప్పుడు ఆ వెలుగులో తేలుతూ కనబడే నలుసు అది. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. ఈ త్ర్యణుకమే త్రసరేణువు. అంటే ఎండలో కనబడే నలుసులో ఆరో వంతు పరమాణువన్నమాట. భాగవతం తృతీయ స్కంధంలో కాలమానం చెప్పేచోట కూడా దాదాపు ఇదే లెక్క వస్తుంది.

ఇప్పుడు మన కొలతలతో చూద్దాం. ఆ నలుసు మిల్లీమీటరులో నూరో వంతు ఉందనుకోండి. ఒక పరమాణువు మిల్లీమీటరులో రమారమి యాభై లక్షల వంతు. నలుసు అడ్డంగా యాభై వేల పరమాణువులు పడతాయి, మొత్తం నలుసులో కోటి కోట్లకు పైనే ఉంటాయి. ఆరుకీ కోటి కోట్లకీ ఉన్న తేడాను కొలతలో పొరపాటు అని సర్దుకోలేం. వైశేషికులు అసలు కొలవడానికి బయల్దేరలేదు. కొలవని మనిషికి కొలత తాలూకు కిరీటం పెడితే, ఆయన నిజంగా చేసిన ఆలోచనను చదివేవాళ్లే లేకుండా పోతారు. నాకు బాధ కలిగించేది అదే.

మరి వైశేషికుల పరమాణువు ఎలా ఉంటుంది?

నాలుగు రకాలు: పృథివి, జలం, తేజస్సు, వాయువు. ఐదోదైన ఆకాశానికి పరమాణువులు లేవు, అది ఒక్కటే, అంతటా వ్యాపించి ఉంటుంది. ప్రతి రకానికీ దాని గుణాలున్నాయి. పృథివీ పరమాణువుకు వాసన, రుచి, రంగు, స్పర్శ ఉంటాయి. జలానికి వాసన ఉండదు. తేజస్సుకు రుచి కూడా ఉండదు. వాయువుకు మిగిలేది స్పర్శ ఒక్కటే.

ఈ విషయం సులువుగా చదువుకోవాలంటే మన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఉంది. అన్నంభట్టు 17వ శతాబ్దపు పండితుడు, ఆంధ్రదేశం నుంచి కాశీ వెళ్లి పేరు తెచ్చుకున్నవాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని సంస్కృతంలో సామెతే ఉంది. ఈనాటికీ తర్కం నేర్చుకునేవాళ్ల చేతికి మొదట వచ్చేది ఆయన పుస్తకమే. పృథివి గురించి ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "సా ద్వివిధా, నిత్యా అనిత్యా చ. నిత్యా పరమాణురూపా, అనిత్యా కార్యరూపా." పరమాణువుగా ఉన్నంతవరకు నిత్యం, కుండగానో బట్టగానో తయారైతే అనిత్యం. ఇందులో ఎక్కడా బరువు లేదు, పొడవు లేదు, ఏ మూలకం ఏ మూలకంతో ఏ పాళ్లలో కలుస్తుందన్న మాట లేదు. మార్పు చెందే లోకంలో మారనిది ఏది అన్నదే అక్కడి ప్రశ్న.

ఇంకో సంగతి. ఈ లెక్కలో మనస్సు కూడా పరమాణు పరిమాణమే. ఒకేసారి రెండు ఇంద్రియాల జ్ఞానం ఎందుకు కలగదు అన్న ప్రశ్నకు, మనస్సు అంత చిన్నది కాబట్టి ఒక క్షణంలో ఒక ఇంద్రియంతోనే కలవగలదు అని జవాబు. కెమిస్ట్రీ పాఠంలో దీనికి చోటెక్కడుంటుంది?

కంటికి కనబడనిది ఉందని ఏ ఆధారంతో చెప్పారు?

అనుమాన ప్రమాణంతో, అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చే తర్కంతో. అన్నంభట్టు తన పుస్తకానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో వాదం ఇలా సాగుతుంది. ఎండలో కనబడే నలుసుకు భాగాలు ఉండి తీరాలి, ఎందుకంటే అది కంటికి కనిపించే ద్రవ్యం, కుండలాగా. ఆ భాగాలకూ భాగాలు ఉండాలి, ఎందుకంటే పెద్ద వస్తువును తయారుచేసేవి అవే. మరి వాటికి? అక్కడ ఆగాలి. ఆగకపోతే అనవస్థ వస్తుంది, అంటే ఆ వరుసకు అంతే ఉండదు.

అనవస్థ వస్తే వచ్చింది, దానితో నష్టమేమిటి అని మీరు అడగొచ్చు. దానికి వాళ్ల దగ్గరున్న జవాబు నాకు ఎంతో ఇష్టం. ఆవగింజకూ అంతులేనన్ని భాగాలే ఉండి, మేరు పర్వతానికీ అంతులేనన్ని భాగాలే ఉంటే, రెండూ ఒకే పరిమాణంలో ఉండాల్సి వస్తుంది. భాగాల సంఖ్యలో తేడా లేనప్పుడు పర్వతం ఎందుకు పెద్దది, ఆవగింజ ఎందుకు చిన్నది? కాబట్టి ముక్కలు చేయడం ఎక్కడో ఆగాలి.

గణితం తెలిసినవాళ్లు ఇక్కడ అడ్డు చెబుతారు, చెప్పాలి కూడా. చిన్న గీతలోనూ పెద్ద గీతలోనూ బిందువుల సంఖ్య సమానమే అయినా పొడవులు వేరుగా ఉండొచ్చని 19వ శతాబ్దంలో కాంటర్ చూపించాడు. అయినా ఆ పాత వాదం దండగైపోలేదు. భాగాల సంఖ్య నుంచే పరిమాణం వస్తుందని ఒప్పుకున్నంతవరకు అది గట్టిగా నిలబడుతుంది. వైశేషికులు ఒప్పుకున్నది సరిగ్గా దాన్నే. పరమాణువు అణు పరిమాణంలోనే ఉంటుంది (ఇక్కడ అణు అంటే మాలిక్యూల్ కాదు, అతి చిన్నది అని), రెండు కలిసిన ద్వ్యణుకమూ అణు పరిమాణమే. మూడు ద్వ్యణుకాలు చేరగానే 'అనేకం' అన్న సంఖ్య వల్ల మొదటిసారి పెద్దతనం పుడుతుంది. చిన్నవాటిని పక్కపక్కన పేర్చినందువల్ల పెద్దది వచ్చిందని వాళ్లు చెప్పరు, సంఖ్య నుంచి వచ్చిందంటారు. వైశేషికానికి ప్రాచీన వ్యాఖ్యాత అయిన ప్రశస్తపాదుడి కాలానికే ఇంత సూక్ష్మంగా ఆలోచించారు.

కుండ కాలినప్పుడు పరమాణువుల్లో ఏం జరుగుతుందన్న చర్చ ఏమిటి?

పచ్చి కుండ నల్లగా ఉంటుంది, ఆవంలో కాలాక ఎర్రబడుతుంది. ఎర్రదనం ఎక్కడ పుట్టింది? వైశేషికుల జవాబు వింటే ఆశ్చర్యం వేస్తుంది. మంట తగలగానే కుండ పరమాణువుల దాకా విడిపోతుంది, ఒక్కో పరమాణువులో నలుపు పోయి ఎరుపు వస్తుంది, ఆ ఎర్ర పరమాణువులు మళ్లీ ద్వ్యణుకాలుగా, త్ర్యణుకాలుగా కూడుకుని కొత్త కుండ తయారవుతుంది. ఇదంతా మన కన్ను పట్టుకోలేనంత వేగంగా జరిగిపోతుంది. దీన్ని పీలుపాకవాదం అంటారు. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, ఒప్పుకోలేదు. ఆవంలోకి తొంగిచూస్తే కుండ కుండలాగే కనబడుతోంది, దానిమీద పెట్టిన మూకుడు కింద పడలేదు, కాబట్టి కుండ మొత్తంగా ఉండగానే రంగు మారిందన్నారు. అది పిఠరపాకవాదం.

మన కెమిస్ట్రీ ప్రకారం బంకమట్టిలోని ఇనుము గాలి తగిలే మంటలో ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ అవుతుంది. ఎరుపు ఏ ఒక్క పరమాణువు సొత్తూ కాదు, పరమాణువులు కలిసిన తీరులో ఉంది. పాత వాదులు ఇద్దరూ ఆ మాట అనలేదు. కానీ వాళ్ల మధ్య తగాదా కుండ రసాయనం గురించి కాదు. భాగాలు మారితే మొత్తం అదే వస్తువుగా మిగులుతుందా, లేక అది కొత్త వస్తువా అన్నది అసలు తగాదా. కెమిస్ట్రీ ఎంత ముందుకు వెళ్లినా ఆ ప్రశ్న అక్కడే ఉంది.

గ్రీకులు ఈ ఆలోచనకు ఎలా వచ్చారు?

పార్మెనిడీస్ అనే గ్రీకు దార్శనికుడు పెట్టిన చిక్కు నుంచి బయటపడటానికి. లేనిది లేనే లేదు, ఉన్నది లేనిదానిగా మారదు, కాబట్టి మార్పు అనేదే అసాధ్యమని ఆయన వాదించాడు. ఆయన శిష్యుడు జీనో, కదలిక కూడా కుదరదని చిక్కుముడులు వేశాడు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో లూసిప్పస్, అబ్డెరా నగరానికి చెందిన డెమోక్రిటస్ ఒక తెలివైన దారి పట్టారు. ఉన్నది మారదన్న మాటను ఒప్పుకుని, అలా మారనివి లెక్కలేనన్ని ఉన్నాయన్నారు. అవే పరమాణువులు. వాటి మధ్య ఖాళీ ఉందన్నారు. పరమాణువు ఎప్పటికీ మారదు, వాటి అమరిక మారుతుంది. మనం మార్పు అంటున్నది ఆ అమరికలో మార్పే.

డెమోక్రిటస్ పుస్తకాలేవీ మనకు దక్కలేదు. తర్వాతివాళ్లు ఎత్తి రాసిన ముక్కలే ఉన్నాయి. అందులో ప్రసిద్ధమైన ముక్క ఇది: తీపి, చేదు, వేడి, చల్లదనం, రంగు అన్నీ మనం అనుకునేవే, నిజంగా ఉన్నవి పరమాణువులూ ఖాళీ మాత్రమే. దీనికి జోడుగా గేలెన్ అనే వైద్యుడు ఇంకో ముక్కను మనకు దక్కించాడు. అందులో ఇంద్రియాలు బుద్ధితో అంటాయి: మా దగ్గర సాక్ష్యం తీసుకుని మమ్మల్నే కూలదోస్తావా? మేము కూలితే నువ్వూ కూలినట్టే. రంగు లేదని చెప్పే శాస్త్రం మీటరు మీద ముల్లును కంటితోనే చదవాలి కదా. డెమోక్రిటస్ తన వాదానికి తానే ఇంత పదునైన అభ్యంతరం రాసి పెట్టుకున్నాడంటే ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

గ్రీకుల నుంచి మనం తీసుకున్నామా, మన నుంచి వాళ్లు తీసుకున్నారా?

ఇటు నుంచి అటుగానీ అటు నుంచి ఇటుగానీ వెళ్లిందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. రెండింటి లోపలి నిర్మాణం చూస్తే అరువు తెచ్చుకున్నవిలా అనిపించవు. డెమోక్రిటస్ పరమాణువుకు రంగు, రుచి లేవు, ఆకారాలే ఉన్నాయి. వైశేషికుల పరమాణువుకు రంగు, రుచి ఉన్నాయి, ఆకారభేదాల ఊసు లేదు. గ్రీకు పరమాణువు ఖాళీలో తనంతట తాను కదులుతుంది, వెనక ఏ సంకల్పమూ లేదు. ఇక్కడ మొదటి కదలికకు అదృష్టం కావాలి, అంటే జీవుల పాపపుణ్యాల ఫలం. ప్రశస్తపాదుడు మహేశ్వరుడి సంకల్పాన్ని కూడా చేర్చాడు. కలిసే చోటు ఒకటి మాత్రం ఉంది: రోమన్ కవి లుక్రీషియస్ కూడా కనబడని పరమాణువుల కదలికను ఊహించుకోమని, గదిలోకి పడ్డ ఎండలో ఆడే నలుసులనే చూపించాడు. ఎండ ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. దానికి ఎవరి దగ్గరా అరువు అక్కర్లేదు.

మన దేశంలో అందరూ పరమాణువును ఒప్పుకున్నారా?

లేదు. గట్టి వ్యతిరేకత వచ్చింది. అన్నింటిలో పదునైనది బౌద్ధుడైన వసుబంధుడిది: "షట్కేన యుగపద్యోగాత్ పరమాణోః షడంశతా." ఒక పరమాణువుకు నాలుగు దిక్కులా, పైనా, కిందా ఆరు పరమాణువులు ఒకేసారి తగిలితే, దానికి తూర్పు వైపు వేరు, పడమటి వైపు వేరు అయినట్టే. అంటే ఆరు భాగాలున్నట్టే. భాగాలుంటే అది పరమాణువే కాదు. పోనీ ఆరూ ఒకేచోట తగులుతాయంటే, అన్నీ కలిసినా ఒక్క పరమాణువంత చోటులోనే ఇమిడిపోవాలి, అప్పుడు కొండ ఎలా వస్తుంది? శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో వేరే వైపు నుంచి పట్టుకున్నారు. సృష్టికి ముందు పరమాణువులు కదలడానికి కారణం ఏమిటి? అదృష్టం జడం కదా, అది ఎలా కదిలిస్తుంది?

జైనులు పరమాణువును ఒప్పుకున్నారు కానీ నాలుగు జాతులు ఒప్పుకోలేదు, అన్నీ ఒకే జాతి అన్నారు. జిగట, పొడి అనే రెండు గుణాల వల్ల అవి ఒకదానికొకటి అంటుకుంటాయన్నారు. ఇది వినగానే పాజిటివ్, నెగటివ్ చార్జీలు గుర్తొస్తాయి చాలామందికి. ఆ పోలికను నేను ముందుకు లాగను, ఎందుకంటే ఆ గ్రంథాల్లో దాన్ని కొలిచే దారి ఏదీ లేదు.

డాల్టన్ చేసిన కొత్త పని ఏమిటి?

త్రాసు. కార్బన్ మోనాక్సైడ్‌లో 12 గ్రాముల కార్బన్‌తో 16 గ్రాముల ఆక్సిజన్ కలిసి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌లో అదే 12 గ్రాములతో 32 గ్రాములు. సరిగ్గా రెట్టింపు. 20 గ్రాములో 27 గ్రాములో కలిసిన పదార్థం దొరకదు. ఎందుకు మధ్యలో ఏదీ లేదు? ఆక్సిజన్ విడి విడి గింజలుగా వస్తోందనుకుంటే వెంటనే అర్థమవుతుంది. ఒక గింజ కలిస్తే ఒకటి, రెండు కలిస్తే ఇంకొకటి, ఒకటిన్నర ఉండదు. మాంచెస్టర్‌లో పాఠాలు చెప్పుకునే జాన్ డాల్టన్ 1803లో ఈ ఆలోచనతో పరమాణు భారాల పట్టిక వేశాడు, 1808లో పుస్తకంగా తెచ్చాడు.

ఇక్కడ గమనించాల్సింది, ఈ పరమాణువు మీద తప్పు పట్టుకోవచ్చు. డాల్టన్ నీటిని ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ కలయిక అనుకున్నాడు. అందువల్ల ఆక్సిజన్ భారం సగానికి పడిపోయింది. గేలుసాక్ వాయువుల ఘనపరిమాణాలు కొలిచాడు, 1811లో అవగాడ్రో వాటి అర్థం చెప్పాడు, 1860లో కార్ల్స్‌రూహె సమావేశంలో కానిజారో దాన్ని అందరి ముందూ పెట్టాడు. యాభై ఏళ్లు పట్టినా తప్పు దిద్దుకుంది. వసుబంధుడి వాదాన్ని ఏ త్రాసూ తేల్చలేదు, డాల్టన్ నీటిని త్రాసు తేల్చింది. నా దృష్టిలో రెండు పరమాణువుల మధ్య అసలైన గీత ఇదే.

ఆ తర్వాత అందరూ నమ్మేశారా?

లేదు. డాల్టన్ పుస్తకం నుంచి లెక్కేస్తే వంద ఏళ్లు పట్టింది. రసాయన లెక్కలకు పరమాణువు పనికొస్తుంది కానీ నిజంగా ఉందనడానికి సాక్ష్యమేమిటని అడిగినవాళ్లలో ఎర్నెస్ట్ మాక్, విల్హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ లాంటి పెద్దలున్నారు. వాళ్లను మూర్ఖులు అనుకోకండి. చూడనిదాన్ని ఉందనొద్దు అన్నది శాస్త్రంలో గౌరవించాల్సిన జాగ్రత్తే. వియన్నాలో బోల్ట్‌జ్మన్ పరమాణువుల పక్షాన ఏళ్ల తరబడి వాదించి, ఆ చర్చ పూర్తిగా తేలకముందే 1906లో చనిపోయాడు.

తేల్చింది మళ్లీ నలుసులే. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పుప్పొడి నుంచి వచ్చిన రేణువులు నీటిలో ఆగకుండా అటూ ఇటూ ఊగడం మైక్రోస్కోపులో చూశాడు. కనబడని నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తగలడం వల్ల ఆ ఊగుడు వస్తే, ఎంత సమయంలో ఎంత దూరం జరగాలో 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టాడు. పారిస్‌లో జాన్ పెరిన్ దాన్ని పరీక్షకు పెట్టాడు. గాంబోజ్ అనే పసుపుపచ్చ చెట్టు బంకను నీటిలో కలిపి, ఒకే సైజు రేణువులను వేరుచేసి, నీటిలో ఏ ఎత్తున ఎన్ని ఉన్నాయో మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. వాటి నుంచి అవగాడ్రో సంఖ్య, అంటే 12 గ్రాముల కార్బన్‌లో ఎన్ని పరమాణువులుంటాయో ఆ సంఖ్య, వచ్చింది. ఆకాశం నీలిరంగు నుంచి, రేడియోధార్మికత నుంచి, వాయువుల చిక్కదనం నుంచి కట్టిన లెక్కలూ దాదాపు అదే సంఖ్యకు వచ్చాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇన్ని దారులు ఒకేచోటికి చేరితే ఇక కాదనడం కష్టం. 1909 నాటికి ఓస్ట్‌వాల్డ్ ఒప్పుకున్నాడు. పెరిన్‌కు 1926లో నోబెల్ వచ్చింది.

పరమాణువును చీల్చేశారు కదా. అంటే దర్శనాలు ఓడిపోయినట్టేనా?

1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని చూపించారు. 1938 చివర్లో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియం కేంద్రకం రెండుగా చీలిందని పట్టుకున్నారు. కాబట్టి డాల్టన్ పరమాణువు విభజించలేనిది కాదు. ఓడింది 'ఇదే చివరి ముక్క' అన్న గుర్తింపు మాత్రమే. 'చివరి ముక్క అంటూ ఒకటి ఉండాలి' అన్న వాదన ఇల్లు మారింది, అంతే. ప్రోటాన్, న్యూట్రాన్‌లలో క్వార్కులనే ఇంకా చిన్న కణాలున్నాయని 1964లో ప్రతిపాదించారు, ఆ దశాబ్దం చివరికి స్టాన్‌ఫర్డ్ ప్రయోగాల్లో ఆనవాళ్లు దొరికాయి. ఎలక్ట్రాన్‌కూ క్వార్కుకూ లోపలి భాగాలున్నట్టు ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ కనబడలేదు.

కానీ వాటిని గట్టి గింజలనుకోవడానికి వీల్లేదు. క్వాంటం క్షేత్ర సిద్ధాంతం ప్రకారం ఎలక్ట్రాన్ అనేది అంతటా వ్యాపించిన ఒక క్షేత్రంలో (ఫీల్డ్‌లో) కలిగే కదలిక. భాగాలు లేని గింజలు ముందు ఉండి, అవి చేరి ప్రపంచం తయారైందన్న బొమ్మ అక్కడ కుదరదు. తూర్పు వైపూ పడమటి వైపూ లేని వస్తువు ఇంకో వస్తువును ఎలా తాకుతుందని వసుబంధుడు అడిగాడు. ఇప్పటి భౌతికశాస్త్రంలో అవి తాకవు. వాటి మధ్య పనిచేసేది క్షేత్రం.

దర్శనం చెప్పినదాన్ని భౌతికశాస్త్రం నేరుగా పరీక్షించిన సందర్భం ఏదైనా ఉందా?

ఒకటుంది. నాకు తెలిసి ఈ మొత్తం విషయంలో అంతకన్నా ఆసక్తికరమైన చోటు లేదు. వైశేషికానికి ఆ పేరు విశేషం అనే పదార్థం వల్ల వచ్చింది (ఇక్కడ పదార్థం అంటే వస్తువు కాదు, ఉన్నవాటిలో ఒక వర్గం). రెండు పృథివీ పరమాణువులు అన్ని గుణాల్లోనూ ఒకేలా ఉన్నాయనుకోండి. ఇది అది కాదు అని ఎలా చెప్పాలి? ప్రతి నిత్యద్రవ్యంలోనూ దానిదంటూ ఒక విశేషం ఉంటుంది, అదే వేరుచేస్తుంది అని జవాబు. "నిత్యద్రవ్యవృత్తయో వ్యావర్తకా విశేషాః" అని అన్నంభట్టు నిర్వచనం.

1924లో ఢాకా యూనివర్సిటీలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలను కొత్త రకంగా లెక్కపెట్టాడు. రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మ పడటం నాలుగులో ఒక వంతు, రెండూ బొరుసు నాలుగులో ఒక వంతు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు నాలుగులో రెండు వంతులు. చివరిది రెట్టింపు ఎందుకంటే, మొదటి నాణెం బొమ్మా రెండోది బొరుసా, లేక తిరగేసా అన్నవి రెండు వేర్వేరు సంగతులు. బోస్ లెక్కలో ఆ రెండూ ఒకటే. కాబట్టి మూడు అవకాశాలూ సమానం, తలా మూడో వంతు. ఇలా లెక్కపెడితేనే వేడి వస్తువుల నుంచి వచ్చే కాంతికి ప్లాంక్ సూత్రం సరిగ్గా వచ్చింది. ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చువేయించాడు, ఆ పద్ధతిని పరమాణువులకూ విస్తరించాడు. 1995లో రుబీడియం పరమాణువులను అతిచల్లగా చేసి, అవన్నీ ఒకే స్థితిలోకి చేరడం కొలరాడోలో చూశారు.

అంటే ఏమిటి? రెండు కణాలను ఒకదాని చోట ఒకటి మార్చిపెడితే ప్రకృతి దాన్ని కొత్త అమరికగా లెక్కలోకి తీసుకోదు. ప్రతిదానికీ సొంత విశేషం ఉండి, అది భౌతికంగా ఏదైనా పనిచేస్తూ ఉంటే లెక్క నాణేల్లాగే రావాలి, అలా రాలేదు. విశేషం ఉంది కానీ అది దేన్నీ ప్రభావితం చేయదు అని ఒక నైయాయికుడు ఇంకా వాదించవచ్చు. తర్కం పరంగా ఆ దారి మూసుకుపోలేదు. ఏ పనీ చేయని విశేషాన్ని ఎందుకు ఒప్పుకోవాలన్న భారం మాత్రం ఇప్పుడు ఆయన మీదే పడుతుంది. 'మన వాళ్లు ముందే చెప్పారు' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే ఇంత మంచి చర్చను చేజార్చుకుంటాం.

పరమాణువు నిత్యమేనా?

కొన్ని కావు. కార్బన్-14 పరమాణువుల్లో సగం 5,730 ఏళ్లలో నైట్రోజన్‌గా మారిపోతాయి. కేంద్రకం బయట ఒంటరిగా ఉన్న న్యూట్రాన్ సగటున పావుగంట కూడా ఉండదు. ప్రోటాన్ ఎప్పటికైనా క్షయిస్తుందా అన్నది ఇంకా వెతుకుతున్నారు. 1980లలో కోలార్ బంగారు గనుల లోతుల్లో భారతీయ, జపాన్ శాస్త్రవేత్తలు ఇందుకోసం ప్రయోగం నడిపారు. ఇప్పటివరకు ఎక్కడా రూఢిగా కనబడలేదు. నిత్యమని ముందే ఒప్పుకుని మొదలుపెట్టడం దర్శనం పద్ధతి, గనిలోకి దిగి వేచిచూడటం ఈ పద్ధతి.

రస్సెల్ చెప్పిన 'లాజికల్ ఆటమిజం' కూడా ఇదేనా?

పేరు కలుస్తుంది, విషయం వేరు. 1918 ఉపన్యాసాల్లో బెర్ట్రండ్ రస్సెల్ చెప్పింది పదార్థం గురించి కాదు, వాక్యాల గురించి. సంక్లిష్టమైన వాక్యాలను విడగొడుతూ పోతే, ఇంక విడగొట్టలేని సరళమైన వాక్యాలు, వాటికి సరిపోయే సరళమైన నిజాలు మిగులుతాయని ఆయన ఆశ. దానికి త్రాసూ అక్కర్లేదు, మైక్రోస్కోపూ అక్కర్లేదు.

పరీక్షలో 'పరమాణువును కనిపెట్టింది ఎవరు?' అని వస్తే ఏం రాయాలి?

టెన్షన్ పడకండి, ప్రశ్నలో మాటలు చూడండి. 'పరమాణు సిద్ధాంతం' అని ఉంటే డాల్టన్, 1808. 'పరమాణు భావనను ప్రతిపాదించిన భారతీయ దార్శనికుడు' అంటే కణాదుడు, వైశేషిక దర్శనం. గ్రీకు దార్శనికుడు అంటే డెమోక్రిటస్, ఆప్షన్లలో లూసిప్పస్ ఒక్కడే ఉంటే ఆయన. ఎలక్ట్రాన్‌కు థామ్సన్, కేంద్రకానికి రూథర్‌ఫర్డ్, న్యూట్రాన్‌కు 1932లో చాడ్విక్. పరమాణువులు నిజంగా ఉన్నాయని ప్రయోగంతో నిరూపించింది ఎవరని ఎప్పుడైనా అడిగితే పెరిన్ పేరు రాయండి. ఆ ప్రశ్న అరుదుగా వస్తుంది, ఇంకా తరచుగా రావాలి.